ధూళికట్ట స్తూపము, హిమాలయపు పుస్తకము

బొగ్గుగనుల సీమయని నేడు పేరుపొందిన రామగుండము, గోదావరిఖని ప్రాంతము రెండువేల యేండ్ల క్రిందట బౌద్ధ స్తూపముల సీమ. స్తూపములనగానే అమరావతియు నాగార్జునకొండయు జ్ఞప్తికి వచ్చుట సహజమే గాని, ఈ ప్రాంతపు శ్రోతలు అంతదూరము పోనక్కరలేదు. గోదావరిఖనినుండి పెద్దపల్లి చేరి, అచ్చటినుండి ఎలిగేడు మండలములోని ధూళికట్టకు పోయినచో, పొలముల నడుమ ఒక మట్టికోట దిబ్బయు, రాతిపలకలు తొడిగిన ఒక స్తూపమును కనబడును. 1970 దశకమున ఆనాటి ఆంధ్రప్రదేశ్ పురావస్తుశాఖవారు డాక్టరు వి. వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున ఇచ్చట త్రవ్వకములు జరిపిరి. కోటగోడ, ఇటుక కట్టడములు, సాతవాహనుల నాణెములు బయల్పడినవి. ఆంధ్రులకు ప్రాకారములుగల పట్టణములు 30 కలవని రోమను రచయిత ప్లినీ వ్రాసెను. వానిలో ధూళికట్ట ఒకటియై యుండునని చరిత్రకారులు ఊహించుచున్నారు. పాశిగామ, మీర్జంపేట, స్తంభంపల్లి మొదలైన చోట్లను బౌద్ధ శిథిలములు దొరికినవి.

ధూళికట్ట స్తూపపు పలకలలో చూపరులను నిలువరించునది ముచిలింద నాగమును చెక్కిన పలక. బుద్ధుడు సంబోధి పొందిన పిమ్మట ఏడుదినములు విడువక వాన కురియగా, ముచిలిందుడను నాగరాజు తన చుట్టలతో ఆయనను చుట్టుకొని పడగలు గొడుగుగా పట్టెనని కథ. ఈ స్తూపము కట్టిన కాలమున బుద్ధుని మనుష్యరూపమున చూపు ఆచారము లేదు. కనుక శిల్పి ఆయనను చెక్కలేదు. పడగలు విప్పిన నాగమును మాత్రము చెక్కి ఊరకుండెను. నాగులచవితినాడు పుట్టలో పాలుపోయు మన స్త్రీలు ఆ పలకను చూచినచో, ఎన్నడెరుగని వస్తువును చూచినట్లు భావింపరు. ఈ నాగమును శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

ఇట్టి స్తూపముల నీడన భిక్షువులు నివసించిరి. వానకాలమున సంచారము మాని ఒకచోటనే యుండి వల్లించిరి, వాదించిరి, శిష్యులకు చెప్పిరి. వారు వల్లించినదేమి? వ్రాసికొన్నదేమి? రాయి నిలిచినది గాని ఆకు నిలువలేదు. సాతవాహనుల కాలపు తాళపత్రము ఒక్కటియు ఈ నేలమీద మనకు దక్కలేదు. మన దేశముతో సంబంధముగల ప్రాచీన బౌద్ధ గ్రంథములను చూడగోరువారు ఉత్తరముగా హిమాలయముల దాక పోవలసినదే. అట్లు అచ్చట నిలిచియున్న పుస్తకములలో ఒకదానిని గూర్చి, అది నిలుచుటకు గల కారణమును గూర్చి నేడు ముచ్చటింపదలచినాము.

నేపాళదేశమున కాఠ్మాండు నగరమునకు ఆనుకొని, బాగ్మతీ నదికి ఈవల, పాటన్ అను ప్రాచీన పట్టణము కలదు. లలితపురమనియు దానికి పేరు. అచ్చటి ఇరుకు వీథులలో ఒక రాతిద్వారము దూరి లోనికి పోయినచో, బంగారుపూత పూసిన రేకులతో మెరయు ఒక చిన్న ముంగిలి కనబడును. అది హిరణ్యవర్ణ మహావిహారము. జనులు క్వా బహాలందురు. యాత్రికులకు అది స్వర్ణమందిరము. గర్భాలయమున శాక్యముని విగ్రహము కలదు. అయితే ఆ విహారమునకు ఊరిలో గల ప్రతిష్ఠ విగ్రహముచేత ఎంతో, అందు భద్రపరచిన ఒక వ్రాతపుస్తకముచేతను అంతే. ఆ పుస్తకము పేరు అష్టసాహస్రికా ప్రజ్ఞాపారమిత. ఇది సుమారు 13వ శతాబ్దిలో వ్రాసిన ప్రతి.

అష్టసాహస్రిక యనగా 8,000 గ్రంథముల పరిమితి కలదని అర్థము. 32 అక్షరములను ఒక గ్రంథముగా లెక్కించుట పూర్వుల పద్ధతి. వచనమునైనను అట్లే కొలిచెడివారు. ఇందు పరివర్తములు 32. బుద్ధుడు, సుభూతి, శారిపుత్రుడు, దేవేంద్రుడు ఒండొరులతో జరిపిన సంభాషణ రూపమున గ్రంథము నడచును. క్వా బహాలు ప్రతి నీలిమందుతో నల్లగా అద్దిన దళసరి కాగితముపై బంగారు సిరాతో, రంజనలిపిలో వ్రాయబడినది. రంజన గుడిగోపురములమీదను, మంత్రఫలకములమీదను చెక్కుటకు తగిన అలంకారలిపి. తలకట్లు దళసరిగా, కాళ్లు నిటారుగా నుండును. నల్లని నీలిమీద పచ్చని అక్షరములు వరుసగా నిలుచుట చూచిన వారికి, చదువరాకున్నను, చేతులు జోడింపవలెనని తోచును. అచ్చటివారు చేయునదియు అదే. వారికిది పుస్తకము మాత్రమే కాదు; ప్రజ్ఞాపారమిత యను దేవి స్వరూపము.

ఇంటిలో ఎవరికైనను జబ్బుచేసినను, దూరప్రయాణము తలపెట్టినను, మ్రొక్కు చెల్లింపవలసినను పాటన్ గృహస్థులు ఈ పుస్తకమును చదివింతురు. పురోహితులైన వజ్రాచార్యులు పలువురు వరుసగా కూర్చుందురు. పుస్తకమును కట్టు విప్పి, ఆకులను తలా కొన్ని పంచుకొందురు. అందరును ఒక్కసారిగా, ఎవరి ఆకులను వారు బిగ్గరగా చదువుదురు! ఆదిని ఒకరు, మధ్యను ఒకరు, తుదిని ఒకరు. కొన్ని గంటలలో గ్రంథమంతయు పూర్తియగును. మన ఊళ్లలో సుందరకాండ పారాయణముగాని భాగవత సప్తాహముగాని ఎరిగిన శ్రోతకు ఇది వింతగా తోచును. మన పారాయణమున కథ వరుసగా చెవిబడును. అచ్చట వినువానికి ఒక్క వాక్యమైనను విడిగా అందదు. కొందరు విదేశీ పండితులు దీనిని చూచి, అర్థము లేని పఠనమని పెదవి విరిచిరి. మాకు అట్లు తోచదు. అర్థమును ఒకచో పెట్టి చూచినను, ఆ పఠనమువలన జరుగు మేలు ఒకటి యున్నది: ప్రతి ఆకును మనుష్యుని చేతిలో పడును, గాలి సోకును, వెలుతురు చూచును. పురుగు పట్టినను, తడి తగిలినను, అక్షరము చెరగినను ఎవరి కంటనో పడితీరును.

ఇంకొక సంగతి. ఈ విహారమున మనమెరిగిన సన్యాసి భిక్షువులు లేరు. నేవారు జాతిలో శాక్యులు, వజ్రాచార్యులు అను రెండు కులములవారు వంశపరంపరగా దీనిని నడుపుచున్నారు. వారి పిల్లవాండ్రు కొన్నిదినములు తలగొరిగించుకొని కాషాయము కట్టి భిక్షువులై, పిమ్మట ఇంటికి మరలి గృహస్థులగుదురు. వడ్రంగము, బంగారుపని, కంచుపోత, వర్తకము చేయుచు, పెండ్లాడి, బిడ్డలను కని, వంతు వచ్చినప్పుడు విహారములో కొలువు చేయుదురు. భారతభూమిలో నలందా, విక్రమశిలా మహావిహారములు 13వ శతాబ్దిలో పాడుపడినప్పుడు అచ్చటి పుస్తకములును వానితోనే పోయినవి. అవి మఠముల ఆస్తి. మఠము పోగా దిక్కులేకపోయెను. పాటన్‌లోని పుస్తకము సంసారుల చేతులలో నుండెను. సంసారులకు సంతతి యుండును గదా.

ఎంతటి బంగారు సిరాయైనను చేతిరాపిడికి చెరగును. అందుచేత అధికమాసము వచ్చిన యేట ఈ పుస్తకమునకు జీర్ణోద్ధరణము జరుపుదురు. భక్తులు బంగారమునకు ద్రవ్యమిత్తురు. వ్రాతపని తెలిసినవారు విహారపు ముంగిట కూర్చుండి, మాసిన అక్షరములపై మరల బంగారము దిద్దుదురు. ఇందు పండితులకొక చిక్కు కలదు. పాతప్రతి విలువ దాని పాత అక్షరములలో నున్నది. పైని దిద్దినవాడు సంస్కృతము చక్కగా రానివాడైనచో, ఒక దీర్ఘము హ్రస్వమగును, ఒక విసర్గము మాయమగును. తరువాత వచ్చువాడు ఆ తప్పునే దిద్దును. పాఠనిర్ణయము చేయు పండితుడు ఈ దృశ్యమును చూచి తలపట్టుకొనుటలో అన్యాయము లేదు. అయినను ఒక ప్రశ్న వేసికొనవలసి యున్నది. ఎవరును తాకని, ఎవరును దిద్దని ప్రతులు మన దేశమున ఎన్ని యుండెనో, అవియన్నియు ఏమైనవి? దోషము చేరిన పుస్తకమును వేరొక ప్రతితో సరిచూచి దిద్దుకొనవచ్చును. చెదపురుగు తిన్న పుస్తకముతో దేనిని సరిచూతుము? ఈ తగవున మేము పాటన్ గృహస్థుల పక్షమే వహింతుము.

సరిచూచుటకు వేరొక ప్రతులు లేకపోలేదు. నేపాళమున 1015వ సంవత్సరమున వ్రాసిన అష్టసాహస్రిక తాళపత్రప్రతి యొకటి నేడు ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నున్నది. దాని ఆకులమీద ఆనాటి ప్రసిద్ధ బౌద్ధక్షేత్రముల చిన్నచిన్న బొమ్మలు రంగులలో చిత్రింపబడినవి. 19వ శతాబ్దిలో నేపాళమున ఆంగ్ల రెసిడెంటుగా నుండిన బ్రయన్ హాడ్జ్‌సన్ సేకరించి కలకత్తాకును, లండనునకును, పారిసునకును పంపిన ప్రతులవలననే పాశ్చాత్య పండితులకు సంస్కృత బౌద్ధవాఙ్మయము మొదట తెలియవచ్చెను. రాజేంద్రలాల్ మిత్రుడు కలకత్తాలో అష్టసాహస్రికను 1888లో అచ్చువేయించెను. అంతవరకును ఈ గ్రంథము భారతీయులకే మరపున పడియుండెను.

ఇక గ్రంథములోని విషయమునకు వత్తము. దాని శూన్యవాదమును పది నిమిషముల ప్రసంగమున ఇముడ్చుట సాధ్యము కాదు. ఆ సాహసము మేము చేయబోము. కాని మూడవ, నాల్గవ పరివర్తములలో ఒక చర్చ కలదు. అది మన ధూళికట్టకు సూటిగా తగులును. ఒకడు బుద్ధధాతువులను ఉంచి రత్నమయములైన స్తూపములను కోట్లకొలది కట్టించి పూలతో, ధూపముతో, గొడుగులతో పూజించెననుకొనుము. వేరొకడు ఈ ప్రజ్ఞాపారమితను పుస్తకముగా వ్రాసి, ఇంట నుంచుకొని, చదివి, పూజించి, ఇతరులకు వ్రాసికొనుటకు ఇచ్చెననుకొనుము. ఎవని పుణ్యమెక్కువ? పుస్తకము వ్రాసినవానిదే యని గ్రంథము తీర్పుచెప్పును. జంబూద్వీపమంతయు ధాతువులతో నింపి ఒకప్రక్కను, ఈ పుస్తకమును ఒకప్రక్కను పెట్టి, ఏది కావలెనని అడుగగా దేవేంద్రుడు పుస్తకమునే కోరుకొనెను. ధాతువులకు పూజ్యత వచ్చినది ప్రజ్ఞవలననే గదా యని ఆయన వాదము.

స్తూపములు కట్టుటలో దక్షిణాపథము వెనుదీయలేదు. భట్టిప్రోలు, అమరావతి, జగ్గయ్యపేట, ధూళికట్ట, ఫణిగిరి — కృష్ణనుండి గోదావరిదాక స్తూపము లేని సీమ అరుదు. అవి నేటికిని నిలిచియున్నవి, కనీసము పునాదులైనను. పుస్తకము మాత్రము అచ్చట నిలిచినది. స్తూపము మనకు, పుస్తకము వారికి అన్నట్లు పంపకము జరిగిపోయినది. గ్రంథము చెప్పిన తీర్పు ప్రకారము చూచినచో మన వాటా చిన్నదే.

ఆ గ్రంథము చివర సదాప్రరుదితుడను బోధిసత్త్వుని కథ వచ్చును. పేరునకు తగినట్లు ఎప్పుడును ఏడ్చుచుండువాడు. ప్రజ్ఞాపారమిత ఎచ్చట దొరకునాయని వెదకుచు, గురువునకు సమర్పించుటకు చేత చిల్లిగవ్వ లేక, తన దేహమునే అంగడిలో అమ్మజూపినాడు. తుదకు గంధవతీనగరము చేరి చూడగా, ఏడంతస్తుల పీఠముపై కాదు, ఒక రత్నకూటాగారమున పెట్టెలో ఆ గ్రంథము భద్రపరుపబడి యుండెను. కరగిన వైడూర్యముతో బంగారు రేకులపై వ్రాయబడి, ఏడు ముద్రలు వేయబడి యుండెను. నీలిరంగు అక్షరములు, బంగారపు పుట! పాటన్ లేఖకుడు దీనిని తలక్రిందులు చేసి, నీలిపుటపై బంగారు అక్షరములు వ్రాసెను. బంగారు రేకులకు తగిన ధనము ఏ ఊరివారికుండును? కాగితమును నీలిమందున ముంచి ఉన్న బంగారమును అక్షరములకు సరిపెట్టుట సంసారుల లెక్క.

ఈ పుస్తకమునకును తెలుగునేలకును సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. అష్టసాహస్రికలోనే ఒక భవిష్యవాణి కలదు. తథాగతుని నిర్వాణానంతరము ఈ పారమితా సూత్రములు దక్షిణాపథమున ప్రచారము పొందుననియు, అచ్చటినుండి తూర్పునకును, తూర్పునుండి ఉత్తరమునకును పోవుననియు దాని భావము. కృష్ణాతీరమున వర్ధిల్లిన పూర్వశైల, అపరశైల శాఖలవారికి ప్రాకృతభాషలో ప్రజ్ఞాపారమిత ఉండెనని టిబెట్టు గ్రంథకర్తలు చెప్పుదురు. వీనినిబట్టి ఈ గ్రంథము ఆంధ్రదేశమున పుట్టినదని మన పండితులు కొందరు ఉత్సాహముతో వ్రాసిరి. ఆ ఉత్సాహమును కొంత అదుపులో నుంచుకొనుట మేలు. నేడు లభించినంతలో ఈ గ్రంథపు మిక్కిలి ప్రాచీనమైన ప్రతి గాంధారదేశపు భూర్జపత్రములమీద, ఖరోష్ఠీలిపిలో, సుమారు క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో వ్రాయబడినది. చీనాలో లోకక్షేముడు దీనిని 179వ సంవత్సరమునకే భాషాంతరీకరించెను. పుట్టిన చోటు ఏదైనను, దక్షిణాపథమును ఈ గ్రంథము తన పుట్టినిల్లుగా చెప్పుకొనుచున్నది. పరువుగల బంధువు మనయింటి పేరు చెప్పుకొనుచున్నప్పుడు, దస్తావేజులు చూపుమని నిలదీయుటకంటె ఆదరించి కూర్చుండబెట్టుట మన మర్యాద.

ఆచార్య నాగార్జునుని కథ ఇంకను దగ్గరది. ఆయన సాతవాహనరాజునకు మిత్రుడు. నాగరాజు ఆయనను తన నీటిలోపలి భవనమునకు కొనిపోయి, అచ్చట పెట్టెలలో దాచిన మహాయాన గ్రంథములను చూపించి కానుకగా నిచ్చెనని, 5వ శతాబ్ది తొలిభాగమున కుమారజీవుడు చీనాకు తెచ్చిన చరిత్రయందు కలదు. కాఠ్మాండు ఠమేలుపేటలోని విక్రమశీల మహావిహారమున బంగారు అక్షరముల ప్రజ్ఞాపారమితా ప్రతులు కలవు. శ్రావణమాసపు గుంలా పండుగదినములలో వానిని బయటపెట్టి జనులకు దర్శనము కలిగింతురు. నాగలోకమునుండి నాగార్జునుడు తెచ్చిన పుస్తకములివియే యని అచ్చటి సంప్రదాయము. ధూళికట్టలో పడగవిప్పిన నాగమును జ్ఞప్తియందుంచుకొనుడని మొదట చెప్పినది ఇందులకే. ఇచ్చటి నాగము స్తూపమును కాచుచున్నది; అచ్చటి కథలో నాగములు పుస్తకమును కాచినవి.

నాగార్జునుని ఇతర రచనల గతియు ఇట్టిదే. ఆయన ప్రధానగ్రంథమైన మూలమధ్యమకకారికలు చంద్రకీర్తి వ్యాఖ్యానమైన ప్రసన్నపదలో ఇమిడి, నేపాళపు ప్రతులద్వారా లోకమునకు దక్కినవి. రత్నావళి సంస్కృతమూలమున కొంతభాగమును ఇటలీ పండితుడు జిసెప్పె తూచి నేపాళమున కనుగొని 1930 దశకమున ప్రకటించెను. విగ్రహవ్యావర్తని టిబెట్టులోని షాలూ మఠమున రాహుల సాంకృత్యాయనునకు దొరకెను. కాశీప్రసాద జయస్వాలుతో కలిసి ఆయన దానిని 1937లో అచ్చువేయించెను. సాతవాహనరాజునకు వ్రాసిన సుహృల్లేఖ సంగతి మరింత బాధాకరము. భారతదేశమున పిల్లలు చదువు మొదలుపెట్టినప్పుడే దీనిని కంఠస్థము చేయుదురని 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడు ఇత్సింగు వ్రాసెను. పిల్లల నోట నానిన ఆ పద్యముల సంస్కృతమూలము నేడు లేదు. చీనా, టిబెట్టు అనువాదములే మిగిలినవి. మన రాజునకు, మన నేలమీద వ్రాసిన జాబును టిబెట్టుభాషలో చదువుకొనవలసి వచ్చినది.

గోదావరితీరమునకును ఉత్తరదేశమునకును రాకపోకలు అంతకుముందునుండియు కలవు. పాలీ సుత్తనిపాతము చివరి వర్గమున బావరియను వృద్ధ బ్రాహ్మణుని కథ కలదు. ఆయన అస్సక జనపదమున గోదావరి యొడ్డున ఆశ్రమము కట్టుకొని యుండెను. బుద్ధుని పేరు విని తాను పోలేక, తన శిష్యులు 16 మందిని మగధకు పంపి ప్రశ్నలడిగించెను. ఆ ఆశ్రమము నిర్మలు జిల్లా బాదనకుర్తియందలి గోదావరి లంకలో నుండెనని మన చరిత్రకారులు కొందరి మతము. మనుష్యులు నడచిన దారినే పుస్తకములును నడచినవి. తాటియు శ్రీతాళమును పెరుగని కాఠ్మాండు లోయకు వ్రాతకు పనికివచ్చు ఆకులు సహితము దిగువ దేశములనుండి మోతబరువుగా పోయినవే.

అచ్చట నిలిచిన ఆకు ఇచ్చట ఏల నిలువలేదు? వాతావరణము ఒక కారణము. మన తాటాకునకు వేసవియెండ, వానకాలపు చెమ్మ, చెద, ఎలుక అన్నియు శత్రువులే. ఘంటముతో గీచి, ఆకుపసరును మసిబొగ్గును రాచి, తుడిచినచో గీతలలో మసి నిలిచి అక్షరము కనబడును. ఎంత జాగ్రత్త చేసినను కొన్ని తరములకొకమారు క్రొత్తప్రతి వ్రాసికొనవలసినదే. రామాయణ భారతములు మనకు దక్కినవనగా, ప్రతి రెండు మూడు వందల యేండ్లకును ఎవరో కూర్చుండి వ్రాసిరని అర్థము. బౌద్ధవిహారములు పాడుపడిన పిమ్మట ఆ పుస్తకములకు వ్రాయువాడు లేడు. ఒక్క తరము వ్రాయుట మానినచో చాలును.

బొగ్గుగనులలో పనిచేయువారికి మరియొక రకపు ఆకులు తెలియును. గని పైకప్పునందలి మెత్తని పలకరాతిలో అప్పుడప్పుడు పొడుగాటి ఆకుల అచ్చులు, నడిమి ఈనెతోసహా, కనబడును. అవి గ్లోసాప్టెరిస్ అను చెట్టు ఆకులు. ఇరువదియైదు కోట్ల యేండ్లకు పైబడినవి. మన బొగ్గు ఆ అడవులదే. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లెందు దాపున బొగ్గు కనుగొన్ననాటినుండి సింగరేణి కథ మొదలైనది. ఆ ఆకులు నిలిచినది వానిని ఎవరును కదలింపకపోవుటచేత. చదువవలసిన ఆకుల ధర్మము అట్టిది కాదు. కదలింపక కట్టిపెట్టిన తాటాకు పొడియై రాలును.

ఈ మాట చెప్పుటకు కారణము కలదు. గోదావరిఖనికి సమీపముననే మంథని యున్నది. మంత్రకూటమని పెద్దలు చెప్పుకొను ఆ అగ్రహారము తరతరములుగా వేదాధ్యయనమునకు పేరుగన్నది. అట్టి ఊళ్లలోను, కరణముల యిండ్లలోను, నాటువైద్యుల యిండ్లలోను అటుకలమీద తాటాకు కట్టలు నేటికిని కలవు. ఎఱ్ఱగుడ్డలో చుట్టి, ఏటికొకమారు సరస్వతీపూజనాడు పసుపు కుంకుమలు చల్లి, మరల అటుకమీదికే చేర్చుదురు. విప్పుదురా? విప్పరు. విప్పినచో దోషమని కొందరికి భయము, చదువరాదని కొందరికి సిగ్గు. తుదకు, ఇల్లు పడగొట్టి డాబా కట్టునప్పుడో, పుష్కరములలోనో, ఆ కట్టను భక్తితో గోదావరిలో విడుతురు. పాటన్ వజ్రాచార్యులును పుస్తకమును దేవతగానే పూజింతురు. వారికిని భక్తికి కొదవలేదు. భేదమంతయు కట్టు విప్పుటలో నున్నది.

నీటిపాలగుట పుస్తకములకే కాదు. సాతవాహన వంశమునకు మూలపురుషుడైన చిముకుని నాణెములు దొరకిన కోటిలింగాల, పెద్దవాగు గోదావరిలో కలియుచోట నున్నది. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారివంటి పండితులు ఆ నాణెములను చదివి మన చరిత్రకు కొత్త పుటను తెచ్చిరి. ఎల్లంపల్లి జలాశయము నిండినప్పుడు ఆ ప్రాచీన నగరపు దిబ్బలో కొంతభాగము నీటిక్రింద నుండును. పైరులకును, నగరములకును నీరు కావలెను. ఆ సంగతి మేము కాదనము. తీసిన నాణెము తీయగా దక్కినది, అంతే.

నేపాళమున 1970నుండి 2002వరకు జర్మను పండితుల సహాయముతో ఒక పని జరిగినది. ఆ దేశమందలి వ్రాతప్రతులను, రాజుగారి గ్రంథాలయమునందున్నవానిని, విహారములలోనివానిని, గృహస్థుల యిండ్లలోనివానిని సుమారు 1,80,000 ప్రతులను సూక్ష్మఛాయాచిత్రములు తీసిరి. పుస్తకములను ఎవరియొద్దనుండియు లాగుకొనలేదు. తీసిన పిమ్మట ఇంటివారికి ఇచ్చివేసిరి. 2015 ఏప్రిల్ 25 భూకంపమున పాటన్ రాజప్రాసాదపు ముంగిట ఆలయములు కొన్ని నేలకూలినవి. అట్టి ఉత్పాతమున ఆకులు పోయినను పాఠము పోదను ధైర్యము అచ్చటివారికి ఆ పనివలన కలిగినది. మన దేశమునను 2003లో జాతీయ వ్రాతప్రతుల సంస్థ యేర్పడినది. 2025లో కేంద్రప్రభుత్వము జ్ఞానభారతమను పేర ఒక కోటికి పైగా వ్రాతప్రతులను గుర్తించి నమోదుచేయు పనికి పూనుకొన్నది. హైదరాబాదున ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయము కలదు.

గోదావరి పుష్కరములు మరల 2027లో వచ్చును. అటుకమీద కట్ట యున్నవారు ఆలోపల, పొడియెండగల ఒక ఉదయమున, దానిని క్రిందికి దింపవలెను. ముడిని లాగి తెంపక మెల్లగా విప్పవలెను. దుమ్మును మెత్తని పొడికుంచెతో దులుపవలెను, తడిగుడ్డ పెట్టరాదు. విరిగిన ఆకులకు జిగురు పూయరాదు, ప్లాస్టిక్ కాగితమున అతికింపరాదు. ఆకుల వరుస తారుమారు కాకుండ చూచుకొనుచు, రెండు ప్రక్కలను ఛాయాచిత్రములు తీయవలెను. నేడు ఇంటింట నున్న చేతి టెలిఫోను దానికి చాలును. ఆకు ఎడమ అంచున అంకె యుండును, మొదటి ఆకున గాని చివరి ఆకున గాని గ్రంథము పేరును, వ్రాసినవాని పేరును, సంవత్సరమును ఉండును. ముందుగా చదివింపవలసినవి ఆ రెండు ఆకులు.